హారన్ కొట్టని వ్యాన్

అరుణజ్యోతి మొదటిసారి "అన్నా" అని పిలిచిన రోజు పెంచల్ గుండె జారిపోయింది. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. కువైట్‌లోని ఫహాహీల్‌లో ఆమె ఉండే బిల్డింగ్‌లో వాచ్‌మన్ అన్న, కింద బకాలా కొట్లో పాల ప్యాకెట్లు ఇచ్చేవాడు అన్న, లిఫ్ట్ బాగుచేయడానికి వచ్చినవాడు కూడా అన్నే. కూతురిని స్కూలుకు తీసుకెళ్ళే వ్యాన్ డ్రైవర్ని మాత్రం ఆమె ఉత్త "పెంచల్" అనేది. దానికి పెద్ద కారణం ఏమీ లేకపోవచ్చు. కానీ రైల్వే కోడూరు నుంచి వచ్చి, ముప్పై దాటినా పెళ్ళి సంగతి వచ్చే సెలవుకి వచ్చే సెలవుకి అని వాయిదా వేసుకుంటున్న మనిషికి, వ్యాన్ అద్దంలో చూసుకుని నవ్వుకోవడానికి ఆ మాత్రం చాలు.

అలాంటిది ఆ రోజు "అన్నా" ఎందుకు వచ్చిందో చెప్పాలంటే ముందు ఒక బ్యాడ్జ్ సంగతి చెప్పాలి.

అరుణజ్యోతిది రాజంపేట. ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. పెళ్ళి విడాకులతో ముగిశాక కూతురు హంసినిని తన దగ్గరే పెట్టుకుంది. స్కూలు నుంచి పిల్ల వచ్చే వేళకు ఇంట్లో ఉండాలని, ఎవరూ అడగని రాత్రి డ్యూటీని తనే అడిగి తీసుకుంది. ఆ రాత్రులు ఫ్లాట్‌లో పక్క గదిలో ఉండే జమీలా బీ పిల్లను చూసుకునేది. రాయచోటి మనిషి, బట్టలు కుడుతుంది, నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది.

ఇక నిద్ర. అరుణజ్యోతి లిఫ్ట్‌లో గోడకు ఆనుకుని నిద్రపోయేది, కుక్కర్ కూత పెట్టేలోపు నిలబడే ఒక కునుకు తీసేది. తెల్లవారి ఇంటికి వచ్చి పిల్లను లేపి, స్నానం చేయించి, టిఫిన్ డబ్బా సర్ది, కిటికీ పక్క సోఫాలో కూర్చుని జడ వేసేది. ఆ తర్వాత ఏం జరిగేదో ఆమెకు సరిగ్గా గుర్తుండేది కాదు. పది గంటలకు మెలకువ వచ్చేసరికి పిల్ల స్కూలుకు వెళ్ళి ఉండేది. తనే పంపించి ఉంటుందని అనుకునేది.

ఒక గురువారం సాయంత్రం యూనిఫాం ఉతుకుతుంటే జేబు మీద రెండు పిన్ను రంధ్రాలు కనిపించాయి. బ్యాడ్జ్ లేదు. మూడో తరగతి మానిటర్ అయిన రోజు నుంచి హంసిని ఆ బ్యాడ్జ్‌ను నిద్రలో తప్ప విడిచింది లేదు.

"యాడ పోగొట్టినావు?"

"పోగొట్టలేదు. మేడమ్ తీసేసింది. అందరి ముందర."

ఎందుకని అడిగితే, రోజూ లేటుగా వస్తున్నందుకని చెప్పింది. పైగా బాయ్స్ మానిటర్ కూడా లేటుగానే వస్తాడని, వాడి బ్యాడ్జ్ వాడికే ఉందని అంది. ఏడవలేదు. ఆ ఏడవకపోవడమే తల్లికి ఎక్కువ కోపం తెప్పించింది.

అక్కడ సెలవులు శుక్ర, శనివారాలు. ఆదివారం పొద్దున పిల్లను తయారుచేసి పంపమని జమీలా బీకి చెప్పి, అరుణజ్యోతి డ్యూటీ దిగి ఇంటికి పోకుండా నేరుగా స్కూలుకు వెళ్ళింది. క్లాస్ టీచర్ వెంకటేశ్వరి మేడమ్ వరండాలో నోటుపుస్తకాల కట్ట మోసుకుంటూ ఎదురైంది. మానిటర్ అనేవాళ్ళు బెల్ కంటే ముందే ఉండాలని, తను వచ్చేలోపు క్లాసును కూర్చోబెట్టాలని, హంసిని ఆ పని చేయలేకపోతోందని మర్యాదగానే చెప్పింది.

"వ్యాన్ లేటయితే పిల్ల ఏం జేస్తాది మేడమ్?"

"అది మీరు వ్యాన్ వాళ్ళతో మాట్లాడుకోవాలి కదండీ."

"ఆ మగపిల్లోడు కూడా లేటుగానే వస్తాడంట గదా."

"వాళ్ళ ఫాదర్ ముందే మెసేజ్ పెడతారు."

విన్నారా? ఒక మెసేజ్ పెడితే అది ఆలస్యం కాదు. కారులో వచ్చే ఆలస్యానికి గౌరవం, వ్యాన్‌లో వచ్చే ఆలస్యానికి శిక్ష. అరుణజ్యోతికి చెప్పడానికి మంచి మంచి జవాబులు తట్టాయి, కానీ అన్నీ మెట్లు దిగుతుంటేనే తట్టాయి. పైగా ఆ టీచరమ్మ కళ్ళ కింద కూడా తనకున్నట్టే నల్లటి చారలు కనిపించాయి. అవి చూశాక గట్టిగా తిట్టబుద్ధి కాలేదు, తిట్టలేనందుకు ఒళ్ళు మండిపోయింది.

గేటు బయట పిల్లలను దింపేసి పెంచల్ వ్యాన్ తుడుచుకుంటున్నాడు. ఆమెను చూసి అతని ముఖం వెలిగింది. పాపం, ఒక్క క్షణమే.

"నువ్వు రోజూ ఎన్ని గంటలకు దింపుతాండావు మా పాపను?"

పెంచల్ గుడ్డను చేతిలో మడిచాడు. "లేటయితాంది మేడమ్. తప్పు నాదే."

"తప్పు నీదయితే శిక్ష నా బిడ్డకా? నీ వల్ల అందరి ముందర బ్యాడ్జ్ పీకేసినారు దానికి. నేను వేరే వ్యాన్ మాట్లాడుకుంటా. ఖలాస్. రేపట్నించి నువ్వు రావద్దులే అన్నా."

మొదటి మాటలన్నీ అతను ఓర్చుకున్నాడు. చివరి మాట దగ్గర తల దించుకున్నాడు.

ఒక్క మాట చెప్పి ఉంటే అతను ఆ క్షణంలోనే గెలిచేవాడు. చెప్పలేదు. అతను చెప్పనిది నేను చెబుతాను.

చలికాలం మొదట్లో ఒక పొద్దున పెంచల్ బిల్డింగ్ కింద హారన్ కొట్టాడు. మొదటి అంతస్తు కిటికీలో హంసిని కనిపించి పెదవుల మీద వేలు పెట్టింది. సగం వేసిన జడ వెనక్కి లాగి పట్టినట్టు ఉంది. జడ కొస పట్టుకుని తల్లి సోఫాలో కూర్చునే నిద్రపోయింది. కదిలితే అమ్మ లేస్తుందని పిల్ల కదలలేదు. కింద అతనూ హారన్ ముట్టలేదు. కొద్దిసేపటికి తల్లి చేయి వదులైంది. హంసిని రిబ్బన్ తనే కట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగింది.

అప్పటి నుంచి అది ఇద్దరి మధ్య ఒప్పందమైంది. అదే చివరి స్టాపు. వ్యాన్‌లో మిగతావాళ్ళు పెద్ద తరగతుల పిల్లలు, అసెంబ్లీ తప్పితే వాళ్ళకు పండగే. రోజూ ఆ కాసేపు పెంచల్ ఇంజన్ కూడా ఆపేసి కిటికీ వైపు చూస్తూ కూర్చునేవాడు. ఆమె ముఖం కనిపించేది కాదు. ఆమె నిద్రపోతోందని తెలియడమే అతనికి బాగుండేది. అమ్మకు చెప్పవద్దని హంసినితో మాట తీసుకున్నాడు. ఇప్పుడు గేటు దగ్గర తనను కాపాడుకోవడానికి నిజం చెబితే, తప్పు ఆ నిద్ర మీదికి పోతుంది. ఉన్న కాస్త నిద్రను కూడా ఆమెకు చేదు చేయడం అతనికి ఇష్టం లేదు.

కొత్త వ్యాన్ వచ్చింది. దాని డ్రైవర్ హారన్ మీద చేయి పెడితే తీసేవాడు కాదు. మొదటి రోజే జమీలా బీ కిటికీ తెరిచి అతని వంశం మొత్తాన్ని పేరుపేరునా తలుచుకుంది. హంసిని బెల్ కంటే ముందే క్లాసులో ఉంది, అయినా బ్యాడ్జ్ తిరిగి రాలేదు. అరుణజ్యోతి ఉలిక్కిపడి లేచి, ఆ గుండె దడతో మళ్ళీ నిద్రపట్టక, మధ్యాహ్నం దాకా గోడను చూస్తూ పడుకునేది. ఇంట్లో ముగ్గురూ ముభావంగా తిరిగారు.

బుధవారం సాయంత్రం వెంకటేశ్వరి మేడమ్ నుంచి ఫోన్ వచ్చింది. ఇంకేం తీసేశారో అనుకుంటూ అరుణజ్యోతి ఫోన్ ఎత్తింది.

ఆ మధ్యాహ్నం టీచర్ గేటు దగ్గర బస్ డ్యూటీలో ఉండగా పెంచల్ వచ్చి ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డాడట. పాప తప్పు లేదు, వాళ్ళమ్మ తప్పూ లేదు, నేనే హారన్ కొట్టలేదు అన్నాడట.

"ఎందుకు కొట్టలేదయ్యా అని అడిగాను. ఆమె అప్పుడే నిద్రపోయుంటుంది మేడమ్ అన్నాడు. నేను రోజూ నాలుగింటికి లేస్తానండీ. మా ఇంట్లో నా నిద్ర కోసం ఎవరూ ఇంతవరకు టీవీ సౌండ్ కూడా తగ్గించలేదు."

అరుణజ్యోతి ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే కిటికీ పక్క సోఫాలో కూర్చుంది.

"బ్యాడ్జ్ నా సొరుగులోనే ఉంది. అందరి ముందు తీశాను, అందరి ముందే పెడతాను. మెసేజ్ పెట్టినవాళ్ళకు ఒక రూలు, పెట్టనివాళ్ళకు ఒక రూలు నడిపాను. అది తప్పే. సారీ అమ్మా."

ఫోన్ పెట్టేసి హంసినిని దగ్గరికి పిలిచింది. పిల్ల మొదట చెప్పనంది, అంకుల్‌కు మాట ఇచ్చానంది. తర్వాత జడ కొస తల్లి చేతిలో పెట్టి, ఇట్లా పట్టుకుని నిద్రపోతావు అని చూపించింది. అరుణజ్యోతి ఆ జడను అలాగే పట్టుకుని చాలాసేపు ఏడ్చింది. పిల్ల కోసం ఏడ్చిందో, అలసటతో ఏడ్చిందో, ఒక మగవాడు తన కోసం ఇంజన్ ఆపుకుని కూర్చున్నందుకు ఏడ్చిందో ఆమెకే తెలియలేదు.

జమీలా బీ కుట్టుమిషను ఆపి వచ్చింది. సంగతంతా విని, ఆశ్చర్యపడాల్సింది పోయి చిరాకు పడింది.

"ఈ పొద్దు తెలిసిందా నీకు? ఆ పిల్లోడు మన కిటికీ కింద మెడ ఎత్తుకొని చూస్తాంటే నేను ఎన్ని దినాల నుంచి చూస్తాండా. పో, ఫోన్ చెయ్. ఈ కొత్తోడి హారన్‌కు నా ప్రాణం పోయేట్టుంది."

అరుణజ్యోతి ముఖం కడుక్కుని ఫోన్ చేసింది.

"పెంచల్, రేపు రా."

అంతే. ఇంకేమీ చెప్పలేదు. అవతల పెంచల్ ఆ మూడు మాటలను ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకు వెతికాడు. ఎక్కడా "అన్నా" లేదు.

గురువారం పొద్దున అతను వచ్చేసరికి తల్లీకూతుళ్ళు బిల్డింగ్ కిందే నిలబడి ఉన్నారు. పిల్ల జడ పూర్తిగా వేసి ఉంది. సన్నగా వాన పడుతోంది. ముందు రాత్రంతా ఆమెకు డ్యూటీ, అంతకుముందు పగలు కూడా నిద్ర లేదు, కళ్ళు రెండూ ఎర్రగా ఉన్నాయి. అయినా ఆ కళ్ళతోనే అతని వైపు సూటిగా చూసింది. పెంచల్ వైపర్ వేయబోయి ఇండికేటర్ వేశాడు. వెనక సీట్లో పెద్ద పిల్లలు ఒకరినొకరు మోచేతులతో పొడుచుకున్నారు.

ఆమె హంసినిని వెనక ఎక్కించి, తను వచ్చి ముందు సీట్లో కూర్చుంది.

"బ్యాడ్జ్ పెట్టేది చూడాల నేను. పద."

చూసింది. తరగతి గది తలుపు పక్కన నిలబడి చూసింది. టీచర్ అందరి ముందు పిల్లకు బ్యాడ్జ్ పెట్టి, ఇక మీద వ్యాన్ ఆలస్యమైతే పిల్లలను శిక్షించనని చెప్పింది. బ్యాడ్జ్ ఆ పాత రంధ్రాల్లోనే దిగింది.

తిరుగు ప్రయాణంలో వ్యాన్ ఖాళీ. సముద్రం పక్క రోడ్డు ఎక్కాక అరుణజ్యోతి, "నాకు చెప్పుంటే నేను అన్ని మాటలు అందునా?" అని అడిగింది.

"చెప్తే మీరు మళ్ళీ నిద్రపోరని."

దానికి ఏదో జవాబు చెప్పబోయింది. తలుపు అద్దానికి తల ఆనించి ఆలోచిస్తూ ఆలోచిస్తూ నిద్రపోయింది.

సిగ్నల్ దగ్గర పచ్చ లైటు పడింది. కుదుపు తగలకుండా అతను నెమ్మదిగా కదిలేసరికి వెనక కారువాడు హారన్ అందుకున్నాడు. పెంచల్ కిటికీలోంచి చేయి బయట పెట్టి దండం పెట్టాడు. వాడికి ఏమర్థమైందో గాని ఊరుకున్నాడు. పెంచల్ వ్యాన్‌ను సముద్రం ఒడ్డున ఆపి, ఏసీ తగ్గించి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కాళ్ళు తిమ్మిరెక్కినా కదలలేదు.

ఆమెకు మెలకువ వచ్చేసరికి వాన వెలిసి ఎండ కాస్తోంది.

"ఎందుకు లేపలేదు?"

"లేపేది నాకు రాదు మేడమ్."

"మేడమ్ అనొద్దు."

"మీరు అన్నా అనొద్దు మరి."

ఆమెకు నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చిన నవ్వు కాబట్టి మధ్యలో ఆవలింత కూడా కలిసింది.

"ఒకసారి పెళ్ళి చేసుకుని అలసిపోయినదాన్ని పెంచల్. నాకు పెద్ద పెద్ద మాటలేం వద్దు. మాట్లాడే ఓపిక గూడా లేదు."

"నాకూ మాటలు రావు. మీరు నిద్రపోతాంటే పాపకు జడ వేసేది నేర్చుకుంటా."

అరుణజ్యోతి అద్దంలోంచి సముద్రాన్ని చూసింది. తర్వాత ఫోన్ తీసి అతనికి ఒక నంబరు పంపింది.

"మా అమ్మ నంబరు. నువ్వే మాట్లాడు. మధ్యాహ్నం చెయ్యొద్దు, పండుకోనుంటాది."

"మీ ఇంట్లో అందరూ అంతేనా?"

"అంతే. ఆలోచించుకో."

పెంచల్ ఆలోచించుకోలేదు. సంతోషం పట్టలేక చేయి దానంతట అదే హారన్ మీదికి పోయింది. పక్కకు చూశాడు. ఆమె మళ్ళీ కళ్ళు మూసుకుంది. అతను చేయి వెనక్కి తీసుకున్నాడు.