దొరసానికి కాపడం

మలయాకి మెర్డేకా, అంటే స్వాతంత్ర్యం, వస్తున్న వారం. కేమరన్ కొండ మీద తెల్లారిందో లేదో తెలీనంత మంచు. తేయాకు తోట కూలీల లైనింట్లో దాలమ్మ కూతురు బాలింత, మనవరాలు పసిగుడ్డు. కాపడం పెడదామని పొయ్యి దగ్గరికెళ్తే అక్కడ కుంపటే లేదు.

"ఒరే పెద్దయ్యా! కుంపటేదిరా?"

పెద్దయ్య దాలమ్మకి తమ్ముడు, అక్కని అప్పా అని పిలుస్తాడు. పెళ్ళీ పెటాకులూ లేవు, కనపడ్డోళ్ళనల్లా ఉడికించడమే పని. అడవిలో దొరికిన కొండచిలవ పిల్లని చెక్కపెట్టెలో పెంచుతున్నాడు. దానిపేరు దొరసాని. అడవిలో గెరిల్లాలకి బియ్యం మోస్తున్నారని చెక్‌పోస్టులో అన్నీ తడిమే రోజులాయె. ఓ సోల్జరు ఆ పెట్టెలో చెయ్యెట్టి గేటు దూకి పారిపోయిన కథ పెద్దయ్య చెప్తే లైనంతా పొట్టపట్టుకుని నవ్వేది.

"అప్పా, దొరసాని కదల్డం లేదే! సలికి బిగుసుకుపోనాది!" కొట్టంలోంచి కేకేశాడు.

"నిన్న నా దుప్పట్లో అరిటిబోదెట్టి పామన్నావు. ఇయ్యాల పాము సచ్చిందంటావు. పోరా!"

అంతలో పొగ. దాలమ్మ పరిగెత్తింది. బాలింత కుంపటిని తెచ్చి పెట్టెలోపలే పెట్టేశాడు మహానుభావుడు. గడ్డి అంటుకుంది. పాముని గుండెకి హత్తుకుని బయటికి దూకాడు. దాలమ్మ బిందెడు నీళ్ళు కుమ్మరించింది.

"గోడకవతల పసిగుడ్డు ఉన్నాదిరా! ఇల్లంటుకుంటే ఏటి గతి? ఇయ్యాలే దాన్ని అడవిలో ఒగ్గేసిరా. లేదంటే దాన్తో పాటు నువ్వూ పో!"

పెద్దయ్య పాముని చొక్కాలోకి దూర్చుకున్నాడు.

"ఈ సలిలో ఒగ్గేస్తే సచ్చిపోద్దప్పా. నీకు బావ ఉన్నాడు, పిల్లలున్నారు. పన్నించి వస్తే తలెత్తి నాకేసి సూసేది ఇదొక్కతే."

పాతికేళ్ళు పక్కనుండి నవ్వించాడు గానీ, ఈ మాట ఎప్పుడూ అనలేదు. దాలమ్మ మెల్లగా చెయ్యి చాపి పాముని ముట్టుకుంది. పుట్టినపూట మనవరాలి పాదాలు ఇలాగే చల్లగా ఉన్నాయి.

"ఎర్రి ఎదవా! రోజూ కాపడం పెడతన్నాను, సూళ్ళేదా? నిప్పు తెచ్చి ఒంటికి ఆనిస్తావేటి?"

ఇటిక కాల్చింది. గోనెపట్టా మడతలేసి చుట్టి, చెంపకి ఆనించుకుని చూసింది. ఖాళీ టీ పెట్టెలో పొడిగడ్డి పరిచి, పాముని పడుకోబెట్టి, ఇటికని బయటనుంచి ఓ కొసకి ఆనించింది.

"ఇటు ఎచ్చన, అటు సల్లన. ఏడి ఎక్కువైతే అదే అటు జరుగుతాది. నోరు లేందానికి జరగడానికి సోటుండాల్రా."

పొద్దెక్కింది. ఇటిక మార్చి మార్చి పెట్టింది. కాసేపటికి దొరసాని నాలుక బయటికొచ్చి లోపలికెళ్ళింది. పెద్దయ్య లుంగీతో కళ్ళు తుడుచుకున్నాడు.

"మరి నేను ఎల్లిపోవాలా అప్పా?"

"ఎక్కడికెళ్తావు? రేపట్నించీ ఇటికలు కాల్చేదెవుడు, మీ బావా?"

"దొరలందరూ ఓడెక్కి పోతన్నారు. ఈ దొరసాని మాత్రం మనింట్లోనే ఉండిపోద్దే!"

సాయంత్రం వాడు కంచం ముందు కూచున్నాడో లేదో, కొట్టంలోంచి దాలమ్మ కేక. "ఒరే! పెట్టె ఖాళీరా!"

కంచం తన్నుకుని ఉరికాడు. పెట్టెలో దొరసాని ఇటికున్న వైపుకి చుట్టచుట్టుకుని హాయిగా పడుకుంది. వెనక్కి తిరిగితే, కొంగు నోట్లో కుక్కుకుని వంగిపోయి నవ్వుతోంది అప్ప. ఆ నవ్వుకి లోపల పసిపిల్ల లేచి ఏడుపందుకుంది.