మూల కూర్చోని పిల్ల

ఆదిశేషమ్మ తమ్ముడి ఇంటికి వచ్చేసరికి పొద్దు బారెడు కూడా ఎక్కలేదు. నెత్తిన గంపలో కొబ్బరికాయలు, బెల్లం, పసుపు. పాలెంలో మొట్టమొదటి నైలాను వల తమ్ముడు ముత్యాలయ్యకే వచ్చింది. ఆ రోజే దానికి గంగమ్మ పూజ. ఆడపడుచు లేని పూజ కూడా ఒక పూజేనా! పిలవకపోయినా వచ్చే మనిషే. పిలిచారు కాబట్టి ఇంకాస్త బిగువుగా నడిచి వచ్చింది.

వాకిట్లోనే మేనకోడలు పేరమ్మ ఎదురైంది. పదమూడేళ్ళ పిల్ల. ఒక పక్క పొయ్యి మీద తల్లికి గంజి, ఇంకో పక్క తొట్టిలో ఆమె గుడ్డలు. రెంటికీ మధ్య కాలు నిలవకుండా తిరుగుతోంది.

"వచ్చినావా అత్తా? కాళ్ళు కడుక్కో, నీళ్ళు పెట్టినా."

"ఎప్పుడొచ్చినా పనిలోనే ఉంటావు గదమ్మే! బంగారు తల్లివి," అంది ఆదిశేషమ్మ మెటికలు విరుస్తూ.

ఆ మాట పాలెమంతా అనేదే. చివరి కాన్పులో బిడ్డ దక్కలేదు సరికదా, పేరమ్మ తల్లి చెంచమ్మకు కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి. నెల్లూరు పెద్దాసుపత్రి నుంచి తెచ్చి మంచం మీద వేసినప్పటి నుంచి ఆమెను కడగడం, తినిపించడం, పక్కకు తిప్పడం అన్నీ ఈ పిల్ల చేతుల మీదే సాగుతున్నాయి. చూసినవాళ్ళంతా ముక్కున వేలేసుకుని మెచ్చుకునేవాళ్ళు. మెచ్చుకుని ఎవరిళ్ళకు వాళ్ళు పోయేవాళ్ళు.

ఆదిశేషమ్మ గడప మీద నిలబడి లోపలికి తొంగిచూసింది.

"ఎట్లుండావు చెంచమ్మా?"

"బాగానే ఉండా వదినా."

పలకరింపు అయిపోయింది. లోపలికి పోతే రోగిష్టి మనిషి అలసిపోతుందని ఆదిశేషమ్మ ఎప్పుడూ అనుకునేది. ఆ గదిలో వచ్చే వాసన సంగతి మాత్రం తనలో తానైనా అనుకునేది కాదు.

వాకిలంతా వల పరిచి ఉంది. ముత్యాలయ్య దాని అంచులకు పసుపు రాస్తున్నాడు.

"పేరీ, పొంగలి కుండ ఇట్లా తీసుకురామ్మా."

"అత్తను తెమ్మను నాయనా. నా చేతులకు గంజయింది."

అంతలో లోపలి నుంచి చెంచమ్మ పిలిచింది. పొయ్యి దగ్గర నుంచి గడపకు పోవాలంటే వల అంచు మీదుగా ఒక్క అంగ వేస్తే చాలు. పేరమ్మ మాత్రం ఇంటి వెనక్కి పరుగెత్తి, నాగజెముడు కంచె పక్కగా చుట్టూ తిరిగి వెనక తలుపు నుంచి లోపలికి పోయింది. ముళ్ళు గీరుకున్నా లెక్కచేయలేదు.

ఆదిశేషమ్మ చేతిలోని కుండ చేతిలోనే ఆగిపోయింది. పొద్దుటి నుంచి పక్కింటి పిల్లలు ఆ వల మీద దొర్లుతూనే ఉన్నారు. వలకు ఆమడ దూరంలో తప్పుకుని తిరగాల్సింది ఏ ఆడది, ఏ రోజుల్లో అన్నది సముద్రం ఒడ్డున పుట్టిన ఏ ఆడదానికీ చెప్పనక్కర్లేదు.

కుండ అక్కడే దించి, ఇంటి వెనక కాపేసింది. పేరమ్మ తడిగుడ్డల బొత్తితో బయటికి రాగానే జబ్బ పట్టుకుంది.

"నా కళ్ళల్లోకి చూసి చెప్పు. ఎప్పటి నుంచే?"

పిల్ల తలవంచుకుని నేలకేసి చూసింది.

"పోయిన తుపానప్పటి నుంచి."

ఆదిశేషమ్మ ఇసుకలోనే కూలబడింది. తుపాను పోయి, చలికాలం పోయి, మండుటెండలు వచ్చాయి. ఇన్నాళ్ళూ పిల్ల పెద్దమనిషై ఇంట్లో తిరుగుతోంది! మేనత్తగా తను చాప వేసి కూర్చోబెట్టాలి. నువ్వుల చిమ్మిలి దంచి పెట్టాలి. ఊరిని పిలిచి అక్షింతలు వేయించాలి. ఏదీ లేదు. నోరు విప్పాక ఆగలేదు.

"ఎంత పని చేసినావే! ఆ చేత్తోనే బువ్వ వండినావా? అది తినే మీ నాయన తెప్పెక్కినాడా? సముద్రంలో ఏదన్నా జరిగుంటే యాడికి పోయేవాళ్ళమే!"

ఆ కేకలకు ముత్యాలయ్య పసుపు చేతులతో పరుగెత్తుకొచ్చాడు. సంగతి విని కొయ్యబారిపోయాడు. కూతురి వంక చూడబోయి, చూడలేక తల తిప్పుకున్నాడు.

"వలను తాకలా నాయనా," పేరమ్మ వణుకుతూ అంది. "తెప్ప కాడికీ పోలా. గంగమ్మ మీద ఒట్టు. ఆ దినాల్లో నువ్వు తినేదానికి పక్కింట్లో కూడు అడుక్కొచ్చి పెట్టినా. అమ్మను మాత్రం వదల్లేకపోయినా."

"ఒక్క మాట నాతో చెప్పుంటే ఏమయ్యేది?" ఆదిశేషమ్మ గుడ్లురిమింది.

"చెప్తే మూల కూచోబెడతారు. ఎవుర్నీ తాకకూడదంటారు. అమ్మను తిప్పేదెవరత్తా?"

"మేమంతా చచ్చినామా? ఇరుగుపొరుగు లేరా?"

అప్పటిదాకా వణికిన పిల్ల గొంతు ఒక్కసారిగా పెద్దదైంది.

"ఉండారు! నన్ను తిరణాలకు పంపినప్పుడు కూడా ఉండారు. వాకిట్లో నిలబడి ఏమన్నా కావాల్నా అని అడిగినారంట. అమ్మ ఏమీ వద్దనిందంట. నేనొచ్చి చూస్తే పక్క తడిసిపోయుంది. వీపు నిండా చీమలత్తా! వాకిట్లో నిలబడి అడిగితే అమ్మ చెప్పదు. సిగ్గు. నాకు తప్ప ఎవురికీ చెప్పదు."

తడిక గోడ అవతల నుంచి చెంచమ్మ గొంతు ముద్దముద్దగా వినిపించింది.

"బిడ్డను తిట్టబాకు వదినా. నాకు మొదటి దినమే తెలుసు. తెలిసీ... నా కోసమే నోరు మూసుకున్నా. తల్లినా నేను!"

ఆదిశేషమ్మకు ఇది రెండో దెబ్బ. కన్నతల్లి కూతురి వేడుకను మింగేసింది! ఎంత దిక్కులేనితనం ఉంటే ఆ పని చేస్తుంది? తను వచ్చిన ప్రతిసారీ ఆ గడప మీదే నిలబడింది. బాగానే ఉన్నానంటే నమ్మింది. నమ్మడం తేలిక కాబట్టి నమ్మింది. ఆ తలపు రాగానే ఆమెకు ఒళ్ళంతా సిగ్గు కమ్మింది.

"ఇప్పుడు గంగమ్మకు ఏం చెప్పుకుందాంరా?" అంది నీరసంగా.

ముత్యాలయ్య పైపంచెతో కళ్ళు తుడుచుకున్నాడు.

"ఆ తల్లికి తెలీకుండా ఉంటదా అక్కా? తెలిసే నన్ను ఒడ్డుకు చేర్చింది. తెలియంది నాకే. ఒకే ఇంట్లో ఉండి నాకే తెలియలా." వల చుట్టడానికి వాకిట్లోకి నడుస్తూ అన్నాడు. "పూజ ఇంకో దినం చూద్దాం."

ఆదిశేషమ్మ లేచి ఇసుక దులుపుకుంది. పంచలో ఒక మూల తడిక అడ్డం పెట్టి, తాటాకు చాప పరిచింది.

"దా, కూచో."

"అత్తా, వద్దత్తా! నీ కాళ్ళు పట్టుకుంటా. అమ్మకు..."

"కూచోమంటినా! మీ అమ్మను నేను చూస్తా. నా ఇంటికి ఇద్దరు కోడళ్ళుండారు, నేను లేకుంటే వాళ్ళకూ సుఖమే. నువ్వు లేచినాక కూడా నేను పోను. ఇద్దరం చేసుకుందాం."

పిల్లను భుజాలు పట్టి కూర్చోబెట్టి, బెల్లం ముక్క నోట్లో పెట్టింది. ఆ తర్వాత మొదటిసారి గడప దాటి లోపలికి పోయింది. చెంచమ్మ చెయ్యి పట్టి పక్కకు తిప్పబోయేసరికి ఆమె బాధతో మూలిగింది.

"చెయ్యి లాగబాకత్తా!" తడిక వెనక నుంచి గొంతు. "భుజం కింద చెయ్యి పెట్టు. ముందు కుడి మోకాలు మడువు. ఎడమ పక్కకు... మెల్లిగా."

ఆదిశేషమ్మ చెప్పినట్టల్లా చేసింది. చిన్న పని కాదది. నడుము పట్టేసింది, చెమట కారింది. ఈ బరువు ఆ పిల్ల రోజూ మోస్తోందా అని నోరు తెరిచింది. చెంచమ్మ గోడవైపు తిరిగి, కళ్ళు మూసుకుని పడుకుంది.

"ఇంకేమన్నా కావాల్నా చెంచమ్మా?"

"ఏమొద్దు వదినా."

ఈసారి ఆదిశేషమ్మ నమ్మలేదు. కదల్లేదు కూడా. మంచం పట్టె మీద కూర్చుని చెంచమ్మ తల నిమురుతూ ఉండిపోయింది. చాలాసేపు పట్టింది. చివరకు చెంచమ్మ పెదవులు కదిలాయి.

"వదినా... కింద తడిసింది."

తడిక వెనక చాప గరగరలాడింది. పేరమ్మ అలవాటుగా లేచి నిలబడింది.

"వస్తుండా అమ్మా!"

"కూచోవే!" ఆదిశేషమ్మ కేకేసింది. కళ్ళనీళ్ళు చెంచమ్మ భుజం మీద రాలుతున్నాయి. "పిలిచింది నిన్ను కాదు. నన్ను."

పేరమ్మ చాప మీద కూర్చుంది. మోకాళ్ళలో తల పెట్టుకుని, చంటిపిల్ల ఏడ్చినట్టు గట్టిగా ఏడ్చింది.