లెక్కకు రాని చదువు

పొద్దున్నే సోములమ్మ రాగిపిండితో చోడి అంబలి కాస్తోంది. గుమ్మంలో కూర్చుని ఆమె మొగుడు గాసి విల్లుకు కొత్త నారి బిగిస్తున్నాడు. చైత్రమాసం, నెల పొడుగునా వేట సాగే ఇటుకల పండగ. ఊళ్లో ప్రతి ఇంటి నుంచీ ఒక మగవాడు వేటకు పోవాల్సిందే. పోని ఇంటి మగవాడి మీద ఆడవాళ్లు పేడనీళ్లు కొడతారు. అడవిపంది కుమ్మి గాసి కాలు వంకరపోయాక, ఏటా కొడుకు బుధే పోతున్నాడు.

ఆ బుధు నిన్ననే ఘాటీ ఎక్కి ఇల్లు చేరాడు. కొండబడిలో మూడు ఫారాలు, అంటే ఎనిమిదో తరగతి దాకా చదివి, నాలుగో ఫారంలో చోటు అడగడానికి కిందనున్న పెద్ద హైస్కూలుకు వెళ్లాడు. అక్కడ పాసై, తిరిగొచ్చి ఇక్కడే పంతులు కావాలని వాడి ఆశ. వస్తూనే దుప్పటి కప్పుకుని పడుకున్నాడు.

"అంబలి తాగి బేగి లెగరా. అందరూ బయలెల్తన్నారు," అన్నాడు గాసి.

"నాను పోనయ్యా."

"ఏటి?"

"నాను సదివిన ఫారాలు లెక్కలోకి రావంట. ఏటా సైత్రం నెలంతా బడికి పోనేదు కదా. హాజరు సాలకపోతే ఫారం సదివినట్టు కాదన్నాడు కింద బడి పెద్ద పంతులు. మొదటి ఫారం నుంచి మల్లీ సదవాలంట. దానికేమో నా వయసు దాటిపోనాదంట."

ఒక చేత్తో తలుపు చూపించి రెండో చేత్తో మూసేశాడన్నమాట ఆ పెద్దమనిషి.

"పండగని సెప్పనేదేటి?"

"సెప్పినాను. నవ్వినాడు."

గాసికి కోపం వచ్చింది. బయటివాళ్ల మీద చూపించలేని కోపం ఇంట్లోవాళ్ల మీదే కదా దిగేది. "అయితే తప్పు నాదంటావేటి?" అని అరిచాడు.

"మన బడి పంతులు నీ కాడికి రానేదా అయ్యా? ఈ నెల గుంటడిని పిలవకు, హాజరు పోతే కింద ఒప్పుకోరని సెప్పనేదా?"

గాసి తల వంచి నారి ముడి మళ్లీ బిగించాడు. సోములమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది.

"పంతులు వచ్చినాడా? నాకెందుకు సెప్పనేదు?"

"సెప్తే ఏటి సేద్దువు? ఊరందరి ముందూ నా మీద పేడ కొడితే సూడగలవా?"

"కడిగేద్దును," అంది సోములమ్మ.

 గాసి విల్లును గోడకు చేరేసి, కర్ర పట్టుకుని కుంటుకుంటూ వీధిలోకి వెళ్లాడు. పేడనీళ్ల కుండలతో నిలబడ్డ ఆడవాళ్ల ముందు నేల మీద కూలబడ్డాడు.

"ఈ యేడు మా ఇంటి నుంచి ఎవుడూ పోడు. కొట్టండి."

వాళ్లు ముందు నవ్వారు. గాసి మొహం చూసి నవ్వు ఆపేశారు. కానీ ఆచారం ఆచారమే. ముసలి గంగ కుండ ఎత్తింది.

బుధు పరుగున వచ్చి తండ్రి రెక్క పట్టుకున్నాడు. "ఇప్పుడెందుకయ్యా? ఇది పడితే ఆ ఫారాలు వత్తాయా?"

రావు. ఆ తర్వాత కూడా రాలేదు.

పేడనీళ్లు పడ్డాక, పెరట్లో సోములమ్మ నీళ్లు పోసింది, బుధు తండ్రి వీపు రుద్దాడు. ఒక్క కడవతోనే పేడంతా పోయింది. గాసి శుభ్రంగా ఉన్న తన చేతులు తిప్పి తిప్పి చూసుకున్నాడు. కొడుకు భుజం పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

"ఇంతేనేటిరా," అన్నాడు. "ఇంతేనేటి."