ఎర్ర రిబ్బన్ పూలగుత్తి

"ఈ మనిషిని ఎప్పుడైనా చూశావా?"

సురబయ నగరంలోని గూఢచారి శాఖ ఆఫీసులో చీఫ్ ఎండాంగ్ మేడం ఒక ఫోటోను బల్ల మీదుగా తోసింది. బ్రోమో అగ్నిపర్వతం లోపలి వాలు మీద, పొడుగాటి కర్రకు కట్టిన వలతో ఒకడు నిలబడి ఉన్నాడు.

ఏజెంట్ తారియోనో ఫోటోను వెనక్కి తోశాడు. "లేదు మేడం."

అబద్ధం. ఆ మనిషి అతని సొంత అన్న పోనిరాన్.

"రేపు కసాడ పండుగ. జనం బిలంలోకి నైవేద్యాలు విసురుతారు. అవి ఎవరి వలలో పడితే వాళ్ళవే, అడిగేవాడు ఉండడు. మిరెల్ ఎర్ర రిబ్బన్ కట్టిన పూలగుత్తి విసురుతుంది. అందులో చిప్. మన గస్తీ నౌకల రూట్లన్నీ అందులో ఉన్నాయని విదేశీ ముఠా నమ్ముతోంది. మిరెల్ మన డబుల్ ఏజెంట్, చిప్ నకిలీది. ఈ వలవాడు దాన్ని ఎవరికిస్తాడో నువ్వు చూడాలి."

"వలవాడికి ఇదంతా తెలుసా?"

"తెలిస్తే నేరస్తుడు, తెలియకపోతే మూర్ఖుడు. మనకు రెండూ ఒకటే."

నిజం చెబితే ఈ పని ఇంకొకరికి వెళ్ళేది. ఆ ఇంకొకరికి పోనిరాన్ అన్న కాడు. తారియోనో అలా సర్దిచెప్పుకున్నాడు గానీ మనసు ఊరుకోలేదు. ఉద్యోగం వస్తే మొదటి పంట దుంపలు తన చేత్తో కొండకు సమర్పిస్తానని తొమ్మిదేళ్ళ క్రితం, మంచాన పడ్డ తండ్రికి మాటిచ్చాడు. ఉద్యోగం వచ్చింది. తను మాత్రం వెళ్ళలేదు. ఏటా తమ్ముడి పేరున అన్నే విసురుతున్నాడని తెలిసి సిగ్గుపడ్డాడు, అయినా వెళ్ళలేదు. ఇప్పుడు వెళ్తున్నది టూరిస్టు వేషంలో, జేబులో పెన్ గన్‌తో.

తెల్లారింది. బూడిద మైదానంలో గుర్రాలవాడు వెంటపడ్డాడు. "గుర్రం ఎక్కండి సారూ! ఆ పొట్ట మోసుకుంటూ నడిస్తే మెట్ల దగ్గరే కూలబడతారు!"

పొట్ట నిండా ఆఫీసువాళ్ళు వేషం కోసం చొక్కాలోపల కుట్టిన దూది. తారియోనో నడిచే వెళ్ళి మెట్లెక్కాడు. పైన బిలం అంచున, గంధకం ఘాటులో కూడా సెంటు గుబాళిస్తూ మిరెల్ నిలబడి ఉంది. నల్ల కళ్ళద్దాలు, చేతిలో పూలగుత్తి.

"ఇవాళ పొగ పల్చగా ఉంది," అన్నాడు.

"గాలి మారితే కళ్ళు మండుతాయి," అందామె. కోడ్ సరిపోయింది.

అప్పుడే చెవిలో దాచిన ఇయర్‌పీస్‌లో మేడం గొంతు మోగింది. "మోసపోయాం! నకిలీ చిప్ ఆమె హోటల్ గదిలో దొరికింది. గుత్తిలో ఉన్నది అసలుది. వాళ్ళ దగ్గర కాపీ లేదు. వలవాడు దాన్ని పట్టుకున్నాడంటే కాల్చెయ్!"

మిరెల్ చెయ్యి అప్పటికే గాలిలో ఉంది. గుత్తి ఎగిరింది. కింద వల లేచింది. పోనిరాన్ ఒడుపుగా పట్టేశాడు. అంచున కొంత దూరంలో పచ్చ టోపీ తెల్లవాడు తాడు జారవిడుస్తున్నాడు.

తారియోనో పెన్ తీశాడు. అన్న భుజాన నాన్న పాత సారోంగ్ లుంగీ ఉంది. పెన్ పారేసి, పొగకు కట్టుకున్న మాస్కు పీకేశాడు.

"అన్నా! నేను, తారిని! ఆ గుత్తిని బిలంలో పారెయ్!"

"ఏ తారి? నా తమ్ముడు ఈ దిక్కుకే రాడుగా!"

"తప్పు నాదే! తర్వాత తిట్టుకో! వాళ్ళు నిన్ను బతకనివ్వరు!"

మిరెల్ బ్యాగులోంచి పిస్తోలు తీసి కిందికి గురిపెట్టింది. తారియోనో మెడలోని కెమెరాతో ఆమె మణికట్టు మీద బలంగా కొట్టాడు. పేలిన తూటా బూడిదలో దిగబడింది. పోనిరాన్ పైకి ఓసారి చూసి, వలను బిలం మీద తిరగేశాడు. ఎర్ర రిబ్బన్ పొగలో కలిసిపోయింది.

టూరిస్టుల్లో కలిసిపోయిన మేడం ఏజెంట్లు మిరెల్‌నీ పచ్చ టోపీనీ పట్టుకున్నారు. పోనిరాన్ ఆయాసపడుతూ పైకొచ్చి తమ్ముణ్ణి ఎగాదిగా చూశాడు.

"తినడానికి తీరిక ఉంది గానీ రావడానికి లేదన్నమాట!"

"దూది అన్నా అది."

"ఆ టోపీ ఆయన, గుత్తి పట్టి తాడుకు కట్టమన్నాడు. పెళ్ళాంతో ఏదో సరదా ఆట అనుకున్నాను."

"నిన్ను కాల్చమన్నారన్నా. పెన్ తీశాను కూడా." తారియోనో తల ఎత్తలేకపోయాడు.

పోనిరాన్ సారోంగ్ ముడి విప్పి ఐదు బంగాళాదుంపలు తమ్ముడి చేతిలో పెట్టాడు. "ఇవి నీ పేరున తెచ్చినవే. ఇన్నాళ్ళూ నేనే వేశాను. కొండ నీ ముఖం మరిచిపోయి ఉంటుంది. ఈసారి నువ్వే వెయ్."

తారియోనో విసిరాడు. నాలుగు పొగలోకి వెళ్ళాయి. ఐదోది కింద ఎవరి వలలోనో పడింది.

"ఇంత చిన్నదా! పిసినారి టూరిస్టు!" కింది నుంచి కేక వినిపించింది.

చెవిలో మేడం గొంతు: "చిప్ ఏమైంది?"

"కొండకు సమర్పించేశాం మేడం."

"వలవాడెవరో తెలిసిందా?"

తారియోనో అన్న వైపు చూశాడు. "తెలిసింది మేడం. తొమ్మిదేళ్ళు ఆలస్యంగా."