ఎర్రబడని తాత

"సార్, ఇంకో గంటలో కమిటీ కూర్చుంటుంది. నన్ను వెళ్లగొట్టేస్తారు!"

తలుపైనా తట్టకుండా దూసుకొచ్చిన ఆ అమ్మాయి తొండల మీద పరిశోధన చేస్తోంది. డిటెక్టివ్ కుర్చీ చూపించాడు. ఆయన బావమరిది, అసిస్టెంటూ ఒకడే. అతను మంచినీళ్లిచ్చి, ఆమె చంకలోని పటం అందుకుని బల్ల మీద పరిచాడు. బావకి కేసు తగిలిందంటే అతనికి కాలు ఒకచోట నిలవదు.

అది తొండల వంశవృక్షం. కొమ్మల చివర ఇప్పుడు బతికున్న జాతులు, వెనక్కి వెళ్లేకొద్దీ వాటి తాతలు, ముత్తాతలు. చిన్న ఒళ్లయితే నీలం, పెద్దదయితే ఎరుపు.

"తాతల్ని ఎవరూ చూడలేదుగా, వాళ్ల రంగెలా తెలిసింది?" అన్నాడు బావమరిది.

"మనవల కొలతల్ని బట్టి ప్రోగ్రాం లెక్కకడుతుందండీ. మనవడి అంకె మారితే తాత రంగూ కాస్త మారుతుంది." ఆమె వేలు ఒక ఎర్రటి కొన మీద ఆగింది. "ఈ రాతితొండ చిన్నది, నీలంగా ఉండాలి. ఎర్రగా ఉంటే నా సిద్ధాంతానికి లాభమని నేనే అంకె మార్చానట! ఫైల్లో అంకె సరిగ్గానే ఉందంటే, గొడవయ్యాక దిద్దావంటున్నారు. కమిటీకి చేరకముందు ఈ బొమ్మ నా దగ్గర, మా గైడ్ దగ్గర, మాతో పనిచేస్తూ కొలతలు తీసే అన్న దగ్గర తప్ప ఎక్కడా లేదు."

"తొండ ముదిరి ఊసరవెల్లి అయిందన్నమాట," అన్నాడు బావమరిది.

డిటెక్టివ్ నవ్వలేదు. భూతద్దంతో ఆ కొమ్మని వెనక్కి వెనక్కి చూసుకుంటూ పోయి, చటుక్కున లేచాడు. "పదవోయ్!"

ప్రయోగశాలలో గైడూ, కొలతలు తీసే ఆ సహచరుడూ ఉన్నారు.

"ప్రోగ్రాం రాసింది నేనే," అన్నాడు ముసలి గైడ్. "ఇక్కడున్నది ఒక్క ఉద్యోగం. దానికి వీళ్లిద్దరూ పోటీ. అందుకే నాకీ తలనొప్పి."

"మరి మీరు?"

"నాది అడవిలో పని సార్," అన్నాడు సహచరుడు. "కొలిచి అంకెలిస్తాను, రంగులు తను వేస్తుంది. అంకె మార్చిందని పటమే చెప్తోందిగా!"

డిటెక్టివ్ ముగ్గురినీ బల్ల చుట్టూ నిలబెట్టాడు.

"పటం అలా చెప్పడం లేదు బాబూ. అంకె మారితే తాత కూడా కాస్త ఎర్రబడాలి. ఈ తాత చూడండి, నిక్షేపంలా నీలంగా ఉన్నాడు! అంటే అంకెని ఎవరూ ముట్టలేదు. తయారైన బొమ్మలో ఈ కొన మీద రంగు పూశారు. ఈ అమ్మాయే మోసం చెయ్యాలనుకుంటే అంకె మార్చేది, తాతా ఎర్రబడేవాడు. గైడ్‌గారైనా అంతే. రంగు వెనక్కి పాకుతుందని తెలియని మనిషి, మీ ముగ్గురిలో ఒక్కరే."

సహచరుడు తల దించుకున్నాడు. "ఉద్యోగం ఒక్కటే ఉంది సార్... పేరంతా తనదే అవుతుందని..."

అమ్మాయి కళ్లనిండా నీళ్లు. "ఎండల్లో పడి కొలిచింది నువ్వే కదన్నా. వ్యాసంలో మొదటి పేరు నీదే పెట్టాను. సార్‌ని అడుగు."

గైడ్ తలూపాడు. సహచరుడు అక్కడే కూలబడ్డాడు.

ఎదురుగా ఉన్న కమిటీ గది తలుపు తెరుచుకుంది. లోపలినుంచి ఆమెని పిలిచారు. అమ్మాయి కళ్లు తుడుచుకుని, పటం చుట్టుకుని, పరుగులాంటి నడకతో లోపలికి వెళ్లింది.