జోథామ్ మిల్లులో రాత్రి కోత

ఓటర్ వాగు మలుపులో ఉన్న కోత మిల్లు వైపు చీకటి పడ్డాక ఎవరూ వెళ్ళేవారు కాదట. మిల్లు యజమాని జోథామ్ రెండేళ్ళ కిందట చెరువు మీద మంచు పగిలి నీళ్ళలో పోయాడు. పాతిపెట్టారు, ప్రార్థనలూ చేశారు. అయినా… వెన్నెల లేని రాత్రుల్లో మిల్లు రంపం ఆడేది. దీపం ఉండదు, మనిషి కనిపించడు. గర్ర్… గర్ర్… అని కోత మాత్రం వినిపించేది.

ఊళ్ళో సగం మందికి భయం. మిగతా సగం మందికి దుంగలున్నాయి.

నిజం చెప్పాలంటే ఆ దెయ్యం పేరు కెజయా. జోథామ్ పెళ్ళాం.

అప్పట్లో న్యూ హాంప్‌షైర్ అడవుల్లో అడుగు మందం దాటిన తెల్ల పైన్ చెట్టల్లా రాజుగారిదే. ఓడల తెరచాప స్తంభాలకి కావాలట. కాగితానికి పన్ను, టీకి పన్ను వేసింది చాలక, సముద్రం అవతల కూర్చున్న ఆ మహానుభావుడు మన పెరట్లో చెట్టు కూడా తనదే అన్నాడు. రాజుగారి మనుషులు గొడ్డలితో మూడు గాట్లు పెట్టి బాణం గుర్తు చెక్కారంటే ఇక దాన్ని ముట్టుకోకూడదు. దొంగచాటుగా కోసిన మిల్లు జప్తు. కెజయాకి ఉన్న ఆధారం ఆ మిల్లొక్కటే. అయినా కోసేది. "బతికున్నన్నాళ్ళూ మా ఆయన రాజుగారికి భయపడ్డాడు. చచ్చాక కూడా భయపడాలా?" అనేది దుంగలు తెచ్చేవాళ్ళతో.

ఒక రోజు సాయంత్రం రాజుగారి చెట్లకి కాపలా కాసే సర్వేయరు దొర దగ్గర పనిచేసే ఎనోస్, ఆ ఊరివాడే, సత్రం గుమ్మంలో నిలబడి ఊరంతా వినేలా చెప్పాడు — రేపు పొద్దున్నే దొరగారు మిల్లు సోదాకి వస్తున్నారని. మిల్లు చెరువులో నాలుగు దుంగలున్నాయి, నాలుగింటి మీదా బాణాలే. తెల్లారేలోగా కోసి పంపేయకపోతే మిల్లు పోయినట్టే.

కెజయా తూము ఎత్తింది. నీటి చక్రం తిరిగింది. రెండు దుంగలు అయ్యాయి. మూడోది సగంలో ఉండగా —

గట్టు మీద అడుగుల చప్పుడు.

చటుక్కున తూము దించేసి చక్రం పక్కన గోతిలోకి దిగింది. మోకాళ్ళ దాకా నీళ్ళు. లాంతరు వెలుగు పలకల సందుల్లోంచి లోపల పడింది. తొంగి చూసింది. ఎనోస్. నడుముకి ఆ గాట్లు పెట్టే గొడ్డలి.

అయిపోయింది, అనుకుంది.

ఎనోస్ సగం కోసిన దుంగ వైపు చూశాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"జోథామన్నా…" అన్నాడు మెల్లగా. "నేనన్నా, ఎనోస్‌ని. కోప్పడకు."

చక్రం మీంచి నీటి చుక్కలు… టప్… టప్…

"మా ఆవిడకి నెలలు నిండాయి. ఇంట్లో ఇంకా మట్టి నేలే. ఈ చలికి పసిగుడ్డు తట్టుకోదు. నేలకి పలకలు పరుద్దామని ఒక దుంగ కొట్టాను… రాజుగారిదేలే. ఏ మిల్లుకి తీసుకెళ్ళినా, వీడు మమ్మల్ని పట్టించడానికే వచ్చాడని తలుపులు మూసేస్తున్నారు. బతికున్నవాళ్ళెవరూ నన్ను నమ్మట్లేదన్నా. అందుకే నీ దగ్గరికొచ్చాను."

తనని పట్టుకోడానికి పన్నిన వలేమో! నోరు విప్పితే మిల్లు పోతుంది. విప్పకపోతే వెళ్ళిపోతాడు, రేపటి సంగతి రేపు. కానీ గట్టు కింద నిజంగానే ఒక దుంగ కట్టేసి ఉంది. మట్టి నేల మీద పసిబిడ్డ కెజయా కళ్ళ ముందు మెదిలింది. ఏమైతే అది అయిందని గొంతు బొంగురు చేసింది.

"దుంగ… వదిలి… పో… మూడు రాత్రులు… ఆగు… కోత కూలి… పలకల్లో… సగం… నాది…"

ఎనోస్ బిగుసుకుపోయాడు.

తర్వాత అడుగులు చక్రం దగ్గరికొచ్చాయి. గోతి అంచున గొంతుక్కూర్చుని, లోపలికి వంగి, గుసగుసగా అన్నాడు —

"సగమా? మా జోథామన్న ఏనాడూ మూడో వంతు దాటి అడగలేదు. నువ్వు బయటికి రా కెజయా వదినా, ఆ చల్లనీళ్ళలో జ్వరం తెచ్చుకుంటావు. మిగిలినవి ఇద్దరం కలిసి కోసేద్దాం. దొరగారికి సత్రంలో మనవాళ్ళు రమ్ము పోస్తున్నారు. మధ్యాహ్నం దాకా లేవడు."

కెజయాకి నవ్వు ఆగలేదు. రెండేళ్ళుగా లోపల దాచుకున్న నవ్వంతా ఒక్కసారిగా బయటికి వచ్చింది. గోడలు ప్రతిధ్వనించేలా పగలబడి నవ్వింది.

ఆ నవ్వు సత్రం దాకా వినిపించిందట. రమ్ము గ్లాసు ఎత్తిన దొరగారు దాన్ని మెల్లగా కింద పెట్టి, మిల్లు సోదా అక్కర్లేదని అప్పటికప్పుడు కాగితం మీద రాసిచ్చారట.