బొట్టు పెట్టిన తీగలు

“మిషన్‌కు బొట్టు పెడితే సరే, తీగలకు కూడానా!” అని శారద ముక్కు చిట్లించింది.

టీవీ పక్కన అద్దెకు తెచ్చిన, క్యాసెట్లు ఆడించే వీడియో మిషన్ ఉంది. దాని పక్కన పెద్ద సౌండు డబ్బా. పొద్దున వీడియో షాపతను వచ్చి అన్నీ బిగించి, చూపించి పోయాడు. శారద వాళ్ల బాపు వీరభద్రానికి బట్టల దుకాణం. దసరాకు మీటరు కర్రకూ కత్తెరకూ బొట్టు పెట్టే చెయ్యి ఊరుకుంటుందా? బొమ్మ తీగ కొసలకూ, అవి దూరే రంధ్రాలకూ పసుపు అద్దాడు. సౌండు తీగకూ, దాని రంధ్రాలకూ కుంకుమ. తీగ ఊడినా బొట్టు చూసి పెట్టుకోవచ్చని ఆయన ధీమా. ఆ ధీమాతోనే దుకాణానికి వెళ్లిపోయాడు.

ఈ హడావుడంతా నానమ్మ కోసం. పాలకుర్తిలో బాబాయి పెళ్లి జరిగిన రోజు ఆమె కాలు విరిగి దవాఖానలో ఉంది. కన్నకొడుకు పెళ్లి చూడలేదని ఒకటే దిగులు. పెళ్లి క్యాసెట్ నిన్ననే వచ్చింది. వీడియో మాత్రం దీపాలు పెట్టే వేళకు తిరిగి ఇచ్చేయాలి.

శారద దోస్తు సావిత్రి కూడా చూడటానికి వస్తానంది. ఈ బొట్లు చూస్తే నవ్వి చంపుతుంది! శారద తీగలు ఊడబీకి, తడిబట్టతో అంతా శుభ్రంగా తుడిచేసింది. మళ్లీ దూరినచోట దూర్చింది. ఆమెకు తెలియనిదంటూ ఏముంది? “తెల్వదు” అనే మాట ఆ నోట్లోంచి ఎవరూ వినలేదు.

మధ్యాహ్నం సావిత్రి వచ్చి కూర్చుంది. బాపు కూడా వచ్చి బటన్ నొక్కాడు. టీవీ నిండా చుక్కలు! సౌండు డబ్బా బుర్రుమంది. ఆయన వెనక్కి వంగి చూశాడు.

“గిదేంది! బొట్లు ఏమైనయే?”

శారద గబగబా ముందుకొచ్చింది. “ఏమో బాపూ! నువ్వు జరుగు, నేను పెడత. సావిత్రోళ్లింట్ల చూసిన.”

రెండు తీగలూ నల్లవే. వెనక అన్నీ ఒకేలాంటి రంధ్రాలు. శారద ఒకటి పీకి ఇంకోచోట పెట్టింది. పెళ్లి బాజాలు మోగాయి, బొమ్మ లేదు. మళ్లీ మార్చింది. బాబాయి కనిపించాడు, చప్పుడు లేదు.

“గది గిటు పెట్టు” అంది అమ్మ కళావతి.

“కాదు, ఏంటీనా తిప్పాలె!” అంటూ పక్కింటి ఎల్లస్వామి తాత మిద్దె ఎక్కాడు. ఈలోపు అమ్మ ఇంకో తీగ పీకింది. అంతే, కనిపించే బాబాయి కూడా మాయమయ్యాడు. ఏది పీకారో, ఏది పెట్టారో ఎవరికీ అర్థం కాలేదు. తలో మాట అన్నారు. శారద బుర్ర గిర్రున తిరిగింది.

బాపుకు చిర్రెత్తుకొచ్చింది. “ఖరాబైన మిషన్ అంటగట్టిండు! వాని దుకాణంలనే పడేసి వస్త!”

మంచం మీద నానమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. “పోనీ బిడ్డా. నా నొసట రాసిలేదు.”

శారదకు ఏడుపు తన్నుకొచ్చింది. వెళ్లి బాపు చెయ్యి పట్టుకుంది.

“మిషన్ మంచిగనే ఉంది బాపూ. బొట్లు నేనే తుడిచిన. తీగలు నేనే పీకిన. ఏది ఎక్కడ పెట్టాల్నో... నాకు తెల్వదు.”

సావిత్రి నోరు తెరుచుకు చూస్తోంది.

“గా ముక్క ముందుగల్ల చెప్తే గింత గత్తర ఉండకపోవు గదనే!” అని గట్టిగా నిట్టూర్చి, బాపు కింద కూర్చున్నాడు. “రా, కూసో. మాటిమాటికి అన్నీ పీకద్దు. ముందు బొమ్మ సంగతి చూద్దాం.”

ఒక్క తీగనే కదిలిస్తూ పోయారు.

“వచ్చింది! నా కొడుకు వచ్చిండు!” అని నానమ్మ మంచం మీంచి కేకేసింది. దాన్నిక ఎవరూ ముట్టుకోలేదు. రెండో తీగ మార్చి మార్చి చూస్తే, చివరికి బాజాలూ మోగాయి. అప్పటికే పొద్దు వాలుతోంది. ఐనా నానమ్మ తలంబ్రాలు కళ్లారా చూసింది. నవ్వుతోంది, ఏడుస్తోంది.

“గా పచ్చచీరామె ఎవలే? కోడలి పక్కన నిలవడ్డది?”

“ములుగు అత్త...” అని ఏదో ఒకటి చెప్పబోయి శారద ఆగింది. పెళ్లిలో ఆమెను చూసింది గానీ, ఎవరో తెలియదు. సావిత్రి పక్కనే ఉంది, ఐనా అనేసింది.

“నాకు తెల్వదు నానమ్మా. జర ఆగు, అమ్మను అడిగి వస్త” అంటూ శారద లేచింది.